టెస్టర్‌లో మంచి ట్రాన్సిస్టర్, చార్జర్‌లో చెడ్డ ట్రాన్సిస్టర్: ఒక మోడల్ తయారీ కేసు

నేపథ్యం

విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల గుంటలున్న రైతులకు రాత్రి కరెంటు పోవడమంటే ఎంత టెన్షనో ఈ నెల్లూరు జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. చీకటి పడ్డాక నీటిలోని నాచు ఆక్సిజన్ ఇవ్వడం ఆపేసి, ఉన్నదాన్ని తనే వాడుకుంటుంది. తెల్లవారుజాముకి నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ సమయంలో ఏరేటర్లు ఆగాయంటే రొయ్యలు పైకి తేలడం మొదలవుతుంది. అందుకే గట్టు మీద జనరేటర్, దానికి కరెంటు పోగానే తనంతట తానే స్టార్ట్ చేసే పానెల్ పెట్టుకుంటారు.

ఆ పానెల్‌లో ఎవరి కంటా పడని భాగం చిన్న చార్జర్. జనరేటర్ సెల్ఫ్ తిప్పే 12 వోల్టుల బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచడమే దాని పని. అది చచ్చిపోతే వెంటనే ఎవరికీ తెలియదు. కరెంటు పోయిన రాత్రి సెల్ఫ్ తిరగనప్పుడే తెలుస్తుంది.

ఇలాంటి పానెళ్లు తయారుచేసే ఒక చిన్న యూనిట్ కేసు ఇది. నేను బోర్డు డిజైన్, సిమ్యులేషన్ పనులు చేస్తాను. యూనిట్‌ను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. సర్క్యూట్ లెక్కలు, కొలతలు ఉన్నవి ఉన్నట్టు ఇచ్చాను.

చార్జర్ పాత పద్ధతిదే. 18 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జ్, ఫిల్టర్ కెపాసిటర్, 723 రెగ్యులేటర్ చిప్, దాని అవుట్‌పుట్ నేరుగా 2ఎన్3055 పవర్ ట్రాన్సిస్టర్ బేస్‌కి. కరెంట్ లిమిట్ సుమారు 4 ఆంప్స్. మొదట్లో మధ్యలో, చిప్ ఇచ్చే చిన్న కరెంటును పెంచి పవర్ ట్రాన్సిస్టర్‌కి అందించే ఒక డ్రైవర్ ట్రాన్సిస్టర్ ఉండేది. "సిమ్యులేషన్‌లో అది లేకుండానే నడుస్తోంది" అని ఖర్చు తగ్గించడానికి తీసేశారు. ఈ కేసంతా ఆ ఒక్క నిర్ణయం దగ్గరే మొదలైంది.

వచ్చిన సమస్య

మొదటి విడత పానెళ్లు బాగా పనిచేశాయి. రెండో విడతవి వేసవిలో వరసగా తిరిగి రావడం మొదలైంది. పోయింది పవర్ ట్రాన్సిస్టర్ కాదు, 723 చిప్. కొత్త చిప్ వేసి పంపితే కొన్నాళ్లకు అదీ పోతోంది.

యజమాని అనుమానం సహజంగానే చిప్ మీదకు పోయింది. "నకిలీ సరుకు తగిలింది సార్, అంతే" అన్నాడు. వేరే కొట్టు నుంచి చిప్‌లు తెప్పించాడు, అవీ పోయాయి. పెట్టెకి చిన్న ఫ్యాన్ బిగించాడు. సముద్రం పక్కన ఉప్పు గాలిని ఆ ఫ్యాన్ నేరుగా బోర్డు మీదకే లాగింది. చిప్ పోవడం ఆగలేదు, పైగా కనెక్టర్లకు పచ్చటి చిలుము పట్టింది.

నన్ను పిలిచేసరికి ఆయన చేతిలో బలమైన వాదనే ఉంది. రెండో విడత 2ఎన్3055లను చెన్నై నుంచి తెప్పించినప్పుడు, యూనిట్‌లో కుర్రాడు ప్రతిదాన్నీ చేతిలో పట్టుకునే కాంపోనెంట్ టెస్టర్‌లో పెట్టి చూశాడు. మొదటి విడతవి బీటా (బేస్‌కి ఇచ్చిన కరెంటుకి ఎన్ని రెట్లు కలెక్టర్‌లో పారుతుందో చెప్పే అంకె) 90 దగ్గర చూపాయి. ఇవి 110 చూపాయి. "పాతవాటికన్నా ఇవే మంచివి కదన్నా" అన్నాడు కుర్రాడు నాతో. సిమ్యులేషన్ ఫైల్ కూడా తెరిచి చూపించాడు. 4 ఆంప్స్ దగ్గర వోల్టేజ్ గీత తిన్నగా ఉంది.

సిమ్యులేషన్‌లో ఏముంది

నేను అవుట్‌పుట్ గీత జోలికి పోలేదు. పోయింది చిప్ కాబట్టి చిప్ ఎంత కరెంటు ఇస్తోంది, ఎంత వేడెక్కుతోంది అన్నవే ముందు కావాలి. ఆ ఫైల్‌లో 723 బదులు ఒక ఆదర్శ ఆప్-ఆంప్ పెట్టారు. దానికి వేడి అనేది లేదు, ఎంత కరెంటు అడిగినా ఇస్తుంది. 2ఎన్3055 పేరుతో ఎక్కడినుంచో దింపుకున్న మోడల్ ఉంది, అంటే ఆ ట్రాన్సిస్టర్ ఎలా నడుస్తుందో సాఫ్ట్‌వేర్‌కి చెప్పే పారామీటర్ల జాబితా. అందులో బీఎఫ్, అంటే గరిష్ఠ బీటా, 70. ఐఎస్, ఒకటి రెండు కెపాసిటెన్సులు కూడా ఇచ్చారు. ఎక్కువ కరెంటులో బీటా ఎక్కడ పడిపోతుందో చెప్పే ఐకేఎఫ్ అసలు లేదు.

సర్క్యూట్ సిమ్యులేషన్ చేసే స్పైస్ సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, బైపోలార్ ట్రాన్సిస్టర్ మోడల్‌లో ఐకేఎఫ్ ఇవ్వకపోతే దాన్ని అనంతం అనుకుంటుంది. అంటే ఎంత కరెంటు లాగినా బీటా తగ్గదు. 1954 నాటి ఎబర్స్-మోల్ సమీకరణాల్లో ఈ తగ్గుదల లేదు. 1970లో బెల్ ల్యాబ్స్‌లో గమ్మెల్, పూన్ ఇచ్చిన మోడల్‌లో అది చేరింది. ఇవాళ మన కంప్యూటర్‌లో నడిచే మోడల్ గమ్మెల్-పూన్‌దే. కానీ పారామీటర్లు ఇవ్వకుండా వదిలేస్తే అది ఎబర్స్-మోల్‌కు దగ్గరగా దిగిపోతుంది. హెచ్చరిక ఏదీ రాదు.

ఆ మోడల్ లెక్కన 4 ఆంప్స్‌కి బేస్ కరెంటు 57 మిల్లీ ఆంప్స్. ఖాళీ అయిన బ్యాటరీ మీద చిప్‌కి అటూ ఇటూ సుమారు 7 వోల్టుల తేడా ఉంటుంది. అంటే 0.4 వాట్. ప్లాస్టిక్ 14 పిన్నుల 723కి గది ఉష్ణోగ్రతలో పరిమితి 660 మిల్లీ వాట్లు, కరెంటు పరిమితి 150 మిల్లీ ఆంప్స్. కాగితం మీద సరిపోయింది.

డేటాషీట్ తీస్తే, 2ఎన్3055కి 4 ఆంప్స్ దగ్గర బీటా 20 నుంచి 70 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. డిజైన్ మొత్తం ఆ పై అంచు మీద నిలబడి ఉంది. కింది అంచు తీసుకుంటే బేస్‌కి 200 మిల్లీ ఆంప్స్ కావాలి. డ్రైవర్ తీసేయడం తప్పని చెప్పడానికి ఇది చాలు. కానీ మొదటి విడత ఎందుకు నిలిచింది, టెస్టర్‌లో మెరుగ్గా కనిపించిన రెండో విడత ఎందుకు చిప్‌లను చంపుతోంది అన్నదానికి ఇది జవాబు కాదు. ఆ జవాబు లేకుండా యజమాని నా మాట నమ్మడు, నమ్మాల్సిన అవసరమూ లేదు. అందుకే చేతిలో ఉన్న ట్రాన్సిస్టర్లకే సొంత మోడల్ తయారుచేద్దామనుకున్నాను.

పనికిరాని దారులు

మొదట తయారీ సంస్థ ఇచ్చే మోడల్ పెట్టి చూశాను. అది వాళ్ల సగటు ట్రాన్సిస్టర్‌ది. పాతదానికన్నా నయమే, కానీ మన బోర్డు మీద కొలిచిన బేస్ కరెంటుకీ దానికీ పొంతన లేదు. డేటాషీట్‌లోని గ్రాఫ్‌ల మీద పాయింట్లు తీసుకుని మోడల్ అల్లడం కూడా ఇలాంటిదే. ఆ గ్రాఫ్ ఏ ట్రాన్సిస్టర్‌దో, మన చేతిలోది దాని బంధువో కాదో ముందుగా తెలియదు.

బీఎఫ్‌ని 22కి దించేస్తే 4 ఆంప్స్ దగ్గర సరిపోతుందని కుర్రాడు అన్నాడు. నిజమే, ఆ ఒక్క పాయింట్ దగ్గర సరిపోతుంది. కానీ చార్జర్ ఎక్కువ కాలం నడిచేది ఫ్లోట్‌లో, అంటే నిండిన బ్యాటరీని నిండుగానే నిలిపే దశలో, ఒక ఆంప్ లోపు. అక్కడ ఈ మోడల్ అసలుకన్నా రెట్టింపు పైన బేస్ కరెంటు చూపిస్తుంది. ఒక పాయింట్ దగ్గర సరిచేసి మిగతా చోట్ల చెడగొట్టిన మోడల్‌తో కొత్త డిజైన్ తూచలేం.

నేను రాకముందు తీసిన కొలతలు ఒక నోటుబుక్‌లో ఉన్నాయి. బెంచ్ సప్లయ్‌తో 4 ఆంప్స్ పంపి, మల్టీమీటర్‌తో చదివినవి. అదే ట్రాన్సిస్టర్‌కి పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఇంకో అంకె. కుర్రాడి పనితనంలో లోపం లేదు. 4 వోల్టుల దగ్గర 4 ఆంప్స్ అంటే 16 వాట్లు. రీడింగ్ రాసుకునేలోపే ట్రాన్సిస్టర్ లోపలి సిలికాన్ ముక్క కాలుతోంది. వేడెక్కే కొద్దీ బేస్-ఎమిటర్ వోల్టేజ్ డిగ్రీకి సుమారు 2 మిల్లీ వోల్టులు పడిపోతుంది, బీటా కూడా కదులుతుంది. అంటే ఆ పుస్తకంలో ప్రతి వరసా వేరు వేరు ఉష్ణోగ్రతలో ఉన్న ట్రాన్సిస్టర్‌ది. అవన్నీ కలిపి గీత గీస్తే ఏ పారామీటరూ నిలవదు.

కొలత

ఎక్కువ కరెంటు కొలతలన్నీ పల్స్‌లోకి మార్చాం. డేటాషీట్లలో కూడా షరతు ఇదే: 300 మైక్రో సెకన్లకు మించని పల్స్, 2 శాతానికి మించని డ్యూటీ. పెద్ద కెపాసిటర్లను చార్జ్ చేసి పెట్టుకుని, మాస్‌ఫెట్ స్విచ్‌తో బేస్‌కి క్షణం పాటు కరెంటు ఇచ్చి, కలెక్టర్ షంట్ మీదా బేస్ రెసిస్టర్ మీదా వోల్టేజ్‌ను స్కోప్‌లో చదివాం. కలెక్టర్-ఎమిటర్ మధ్య 4 వోల్టులు నిలిపాం, డేటాషీట్‌తో పోల్చుకోవడానికి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కరెంటు పోయే తీగ మీదే వోల్టేజ్ చదవకూడదు. 4 ఆంప్స్ దగ్గర 20 మిల్లీ ఓమ్‌ల తీగ 80 మిల్లీ వోల్టులు తినేస్తుంది. బేస్-ఎమిటర్ గీత మీద అది చాలా పెద్ద తప్పు. ఎమిటర్ పిన్ మొదట్లో, గాజు బిగింపుకి ఆనుకుని, సన్నని తీగ విడిగా అతికించి అక్కడినుంచే చదివాం.

ఒక్కో విడత నుంచి కొన్ని ట్రాన్సిస్టర్లు తీసుకున్నాం. రెండో విడతలో నడిమధ్య నిలిచినదాని బీటా ఇలా వచ్చింది: 0.1 ఆంప్ దగ్గర 100, ఒక ఆంప్ దగ్గర 55, రెండు ఆంప్స్ దగ్గర 37, నాలుగు దగ్గర 22. మొదటి విడతది 0.1 దగ్గర 89, నాలుగు దగ్గర 55.

ఈ అంకెలు చూపించగానే కుర్రాడు టెస్టర్ వైపు చూశాడు. అది కొలిచేది కొన్ని మిల్లీ ఆంప్స్ దగ్గర. అక్కడ కొత్తది మెరుగే, అందులో అబద్ధం లేదు. చార్జర్ పనిచేసేది మాత్రం అక్కడ కాదు.

మోడల్ అల్లిన వరస

ఏ పారామీటర్‌ని ముందు తీయాలి అన్నదే ఇందులో అసలు విద్య. అన్నిటినీ ఒకేసారి ఆప్టిమైజర్‌కి వదిలితే గీత మీద గీత కూర్చుంటుంది. కానీ ఒక పారామీటర్ తప్పును ఇంకోటి కప్పేస్తుంది. కొలవని చోటికి వెళ్లగానే మోడల్ కూలుతుంది.

తక్కువ కరెంటులో మొదలుపెట్టాం. కలెక్టర్ కరెంటును లాగరిథమ్ స్కేలు మీద, బేస్-ఎమిటర్ వోల్టేజ్‌ను మామూలు స్కేలు మీద గీస్తే తిన్నటి గీత రావాలి, ప్రతి 60 మిల్లీ వోల్టులకు కరెంటు పది రెట్లు. ఆ గీత ఉన్న చోటు నుంచి ఐఎస్, దాని వాలు నుంచి ఎన్ఎఫ్ వస్తాయి. అదే గ్రాఫ్‌లో బేస్ కరెంటు అడుగున వంగే తీరు నుంచి, తక్కువ కరెంటులో బేస్ లీకేజీని చెప్పే ఐఎస్ఈ, ఎన్ఈ. ఇవి ఈ చార్జర్‌కి పెద్దగా అక్కర్లేదు, అయినా ఉంచాం.

తర్వాత బీఎఫ్, ఐకేఎఫ్. గమ్మెల్-పూన్ సమీకరణాన్ని ఎక్కువ కరెంటు వైపు సరళం చేస్తే చక్కటి రూపం వస్తుంది: బీటా అంటే, ఒకటికి కలెక్టర్ కరెంటు బై ఐకేఎఫ్ కలిపి, ఆ మొత్తంతో బీఎఫ్‌ని భాగిస్తే వచ్చేది. అంటే బీటా సగానికి పడే కరెంటే ఐకేఎఫ్. రెండో విడతకి బీఎఫ్ 110, ఐకేఎఫ్ 1 ఆంప్. ఒకటికి నాలుగు కలిపితే ఐదు, 110ని ఐదుతో భాగిస్తే 22. మొదటి విడతకి బీఎఫ్ 90, ఐకేఎఫ్ 6.3. ఆరు రెట్లకు పైగా తేడా! ఒకే పేరు ముద్రించిన రెండు లోహపు డబ్బాల మధ్య.

ఐకేఎఫ్ తర్వాతే ఆర్ఈ, ఆర్‌బీ (ఎమిటర్, బేస్ రెసిస్టెన్స్‌లు) తీయాలి. ఎక్కువ కరెంటులో బేస్-ఎమిటర్ వోల్టేజ్ పెరగడానికి ఈ మూడూ కారణమవుతాయి కాబట్టి ఆ గీత ఒక్కదాన్నే చూస్తే ఎవరి వాటా ఎంతో తెలియదు. కానీ కలెక్టర్ కరెంటుతో పోల్చి గీసిన బీటా గీతను ఎమిటర్, బేస్ రెసిస్టెన్స్‌లు కదిలించవు. అందుకే ఐకేఎఫ్‌ని బీటా గీత నుంచి తీసి బిగించేశాక, వోల్టేజ్‌లో మిగిలిన తేడానే రెసిస్టెన్స్‌లకు రాశాం. ఈ వరస తిరగేస్తే ఐకేఎఫ్ పాపం ఆర్ఈ మీద పడుతుంది.

వేగానికి సంబంధించిన సీజేసీ, సీజేఈ, టీఎఫ్ తయారీదారు మోడల్‌లోవే ఉంచాం. ఇది 100 హెర్ట్జ్ రిపుల్ మీద నడిచే చార్జర్. వేగం ఇక్కడ సమస్య కాదు.

మోడల్ నిలబడిందో లేదో తెలుసుకోవడానికి, అల్లికలో వాడకుండా పక్కన పెట్టిన రెండు పాయింట్లతో చూశాం. 1.5 ఆంప్స్ దగ్గర మోడల్ 44 అంది, కొలత 46. 3 ఆంప్స్ దగ్గర 27.5 అంది, కొలత 27. ఈ పనికి ఇంతకన్నా దగ్గరితనం అక్కర్లేదు.

వేడి

నెల్లూరు ఎండకి గట్టు మీది రేకుల పెట్టెలో ఉష్ణోగ్రత బయటికన్నా చాలా ఎక్కువ. స్పైస్ మాత్రం చెప్పకపోతే 27 డిగ్రీలనే అనుకుంటుంది. పైగా బీటా ఉష్ణోగ్రతతో ఎలా మారుతుందో చెప్పే ఎక్స్‌టీబీ ఇవ్వకపోతే సున్నా, అంటే బీటా కదలదు.

ట్రాన్సిస్టర్‌ని అల్యూమినియం దిమ్మె మీద 75 డిగ్రీలకు వేడిచేసి మళ్లీ పల్స్ కొలతలు తీశాం. తక్కువ కరెంటులో బీటా 137కి పెరిగింది. 4 ఆంప్స్ దగ్గర మాత్రం 20కి తగ్గింది. రెండు చివరలూ ఎదురెదురుగా కదిలాయి. ఒక్క ఎక్స్‌టీబీతో ఈ రెండూ పట్టవు, అది గీతనంతా పైకి లేపుతుంది. అందుకని ఒక మోడల్ కార్డుతో (ఒక పారామీటర్ల జాబితాతో) కుస్తీ పట్టకుండా 27 డిగ్రీలకు ఒకటి, 75కి ఒకటి, రెండు కార్డులు రాసుకున్నాం. రెండో కార్డులో టీనామ్ (పారామీటర్లు కొలిచిన ఉష్ణోగ్రత) 75 అని పెట్టాం, ఐకేఎఫ్ 0.7కి దిగింది. అందంగా లేదనిపించొచ్చు, కానీ వాడేవాడికి ఎక్కడ ఏది నిజమో స్పష్టంగా తెలుస్తుంది.

జవాబు

రెండో విడత కార్డు పెట్టి నడపగానే బేస్ కరెంటు 182 మిల్లీ ఆంప్స్ దగ్గర నిలిచింది. 7 వోల్టుల తేడాతో చిప్ మీద 1.3 వాట్లు. పరిమితికి రెట్టింపు. 723లో థర్మల్ షట్‌డౌన్ లేదు. అది కాలుతూనే పనిచేస్తుంది, తర్వాత పోతుంది. మొదటి విడత కార్డుతో 73 మిల్లీ ఆంప్స్, అర వాట్. అది కూడా వేడి పెట్టెలో అంచు మీదే బతికింది.

యజమాని ఈ లెక్క విన్నాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత కుర్రాడితో, "అబ్బయా, ఒకటి కోయరా చూద్దాం" అన్నాడు. హ్యాక్సా బ్లేడుతో రెండు విడతల్లోంచీ ఒక్కో ట్రాన్సిస్టర్ టోపీ కోశాం. మొదటిదాంట్లో సిలికాన్ ముక్క చూపుడువేలి గోరు అంతుంది. రెండోదాంట్లో పెసరపప్పు బద్ద అంత. చిన్న ముక్కలో అదే 4 ఆంప్స్ ఇరుక్కుని పోవాలి కాబట్టి బీటా ముందే కూలుతుంది. కొలిచిన ఐకేఎఫ్ చెప్పిందీ ఇదే.

ఆ చిన్న ముక్కను చూశాక ఇంకో ప్రశ్న వచ్చింది. మోడల్ కార్డులో ట్రాన్సిస్టర్ ఎప్పటికీ కాలదు. అందులో జంక్షన్ (లోపలి సిలికాన్) వేడెక్కడం లేదు, సేఫ్ ఆపరేటింగ్ ఏరియా (కాలకుండా నడిచే హద్దు) లేదు, సెకండ్ బ్రేక్‌డౌన్ (ఒకేచోట వేడి పోగై పోవడం) లేదు. అది వేరే కొలవాలి. బేస్-ఎమిటర్ వోల్టేజ్‌నే థర్మామీటర్‌గా వాడి, వేడిచేసి కరెంటు తీసేసిన వెంటనే చదివితే థర్మల్ రెసిస్టెన్స్ వస్తుంది. మొదటి విడతది వాటుకి 1.4 డిగ్రీలు. డేటాషీట్ గరిష్ఠం 1.52. రెండో విడతది 3 దగ్గర. హీట్‌సింక్‌కి మధ్య పెట్టే అభ్రకం రేకు, పేస్టు వాటా దీనికి అదనం. 32 వాట్ల దగ్గర లోపలి ముక్క బయటి డబ్బాకన్నా వంద డిగ్రీలు ఎక్కువ. గరిష్ఠ జంక్షన్ ఉష్ణోగ్రత 200. వేసవి మధ్యాహ్నం ఇక మిగిలేది చాలా తక్కువ.

చేసిన మార్పు

కొత్త డిజైన్‌ని ఏ కార్డుతో చేయాలన్నది ముఖ్యమైన నిర్ణయం. రెండో విడత కార్డు జరిగినదాన్ని వివరిస్తుంది, అంతే. వచ్చే విడత ఎలా ఉంటుందో దానికి తెలియదు. అందుకని మూడో కార్డు రాశాం, 4 ఆంప్స్ దగ్గర బీటా 15 వచ్చేలా. డేటాషీట్ కనిష్ఠం కన్నా కిందకి, వేడికి కొంత వదిలి. డిజైన్ అంతా దాని మీదే చేశాం.

డ్రైవర్‌గా బీడీ139 మళ్లీ వచ్చింది, చిన్న హీట్‌సింక్‌తో. దీంతో చిప్ ఇవ్వాల్సింది పది మిల్లీ ఆంప్స్ లోపే. నష్టం ఒకటుంది. ఇంకో 0.7 వోల్టు ఖర్చవుతుంది, సాయంత్రం వోల్టేజ్ 180కి పడినప్పుడు పూర్తి కరెంటు రాదు. దీని మీద యజమాని గట్టిగానే వాదించాడు. పెట్టె మీద 4 ఆంప్స్ అని ముద్రించి ఉంది. నేను సెల్ఫ్ లెక్క వేసి చూపాను. 200 ఆంప్స్ చొప్పున 5 సెకన్లు తిరిగినా బ్యాటరీ నుంచి పోయేది 0.28 ఆంపియర్-అవర్ మాత్రమే. దాన్ని తిరిగి నింపడానికి 4 ఆంప్స్ దేనికి? చివరికి లిమిట్ 3 ఆంప్స్‌కి దించాం, సెన్స్ రెసిస్టర్ 0.22 ఓమ్. పవర్ ట్రాన్సిస్టర్ మీద వేడి 32 నుంచి 25 వాట్లకు తగ్గింది. ఫ్యాన్ తీసేశాం.

డ్రైవర్ చేరాక రెగ్యులేటర్ ఫీడ్‌బ్యాక్ లూప్ ఊగి అవుట్‌పుట్ నిలకడగా ఉండదేమోనని కాంపెన్సేషన్ కెపాసిటర్ పెంచి బెంచ్ మీద లోడ్ మార్చి మార్చి చూశాం. ఇది సిమ్యులేషన్‌కి వదల్లేదు, ఎందుకంటే వేగానికి సంబంధించిన పారామీటర్లు మేం కొలవనివి.

మార్చిన పానెళ్లు తర్వాతి వేసవి దాటాయి, చిప్ పోయి తిరిగి వచ్చింది లేదు. పల్స్ కొలత జిగ్ యూనిట్‌లోనే ఉంచేశారు. విడత రాగానే కుర్రాడు కొన్ని ట్రాన్సిస్టర్లు తీసి, 0.1 ఆంప్ దగ్గరా 3 ఆంప్స్ దగ్గరా బీటా చూస్తాడు. ఆ రెండు అంకెలుంటే బీఎఫ్, ఐకేఎఫ్ చేతి లెక్కతోనే వస్తాయి. మోడల్ ఫైల్‌లో కార్డు పేరు పక్కనే విడత, కొలిచిన ఉష్ణోగ్రత, ఏ కరెంటు వరకు నమ్మొచ్చో రాస్తున్నాడు. 3 ఆంప్స్ దగ్గర 20 కన్నా తక్కువ వచ్చిన విడతను వెనక్కి పంపేస్తున్నారు.